రెండో తాళం చెవి ఎవరి దగ్గరుండాలి?

చలికాలం కదా, ఈ పూట ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడదామని వచ్చాను. అది ఇంటి తాళం చెవి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఇంటికి ఉండే రెండో తాళం చెవి. బయట మంచు కురుస్తున్నప్పుడో, ఎముకలు కొరికే గాలి వీస్తున్నప్పుడో తలుపు మన వెనక మూసుకుపోయి లోపలికి వెళ్ళే దారి లేకపోతే, దాన్ని మనం మామూలుగా మతిమరుపు ఖాతాలో వేస్తాం. తాళం చెవి లోపలే మరిచిపోయారు, ఇక ముందు జాగ్రత్తగా ఉండండి అని చెప్పి వదిలేస్తాం. అలా వదిలెయ్యడం తప్పని నా వాదన. చలి ప్రాణం మీదికి తెచ్చే చోట తలుపు తెరుచుకోవడమన్నది ఒక్క మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడకూడదు. నలుగురూ కలిసి ముందే చేసిపెట్టుకున్న ఏర్పాటు మీద ఆధారపడాలి. ఆస్ట్రేలియాలో కొండల మీద తిరిగేవాళ్ళు ఈ సంగతిని చావులు చూసి నేర్చుకున్నారు. కింద ఊళ్ళలో ఉన్న మనం, ముఖ్యంగా కొత్తగా వచ్చి స్థిరపడుతున్న తెలుగు కుటుంబాలవాళ్ళం, ఇంకా నేర్చుకోలేదు.

తెలుగు నేల మీద పెరిగినవాళ్ళకి ఈ ప్రమాదం ఎందుకు తట్టదో ముందు చూద్దాం. మన పాత ఇళ్ళలో తలుపు మూయడం ఒక పని, తాళం వేయడం ఇంకో పని. గొళ్ళెం పెట్టినా, తాళం కప్ప నొక్కినా మనం చేత్తో చేస్తేనే అవుతుంది. గాలికి తలుపు దభాలున పడిందనుకోండి, తోస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. ఇక్కడ ఆస్ట్రేలియా ఇళ్ళలో చాలా వాటికి ముందు తలుపు అలా ఉండదు. తలుపు మూసుకోగానే లాచ్ దానంతట అదే పడిపోతుంది. బయటి నుంచి పిడి ఎంత తిప్పినా కదలదు. హైదరాబాదు, విజయవాడ ఫ్లాట్లలోనూ ఇప్పుడు ఇలాంటివే వచ్చాయి, నిజమే. కానీ అక్కడ బయట చిక్కుకున్న మనిషి ఎదురింటి గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతూ ఎదురుచూడగలడు. ఇక్కడ జూలై నెల పొద్దున, పిల్లలు ఆఫీసులకీ మనవలు బడికీ వెళ్ళాక, చెత్త డబ్బా రోడ్డు పక్కకి తోసి వద్దామని బయటికొచ్చిన పెద్దావిడ పరిస్థితి వేరు. వెనక తలుపు పడిపోతుంది. ఒంటి మీద నూలు చీర, పల్చటి స్వెటరు, కాళ్ళకి హవాయి చెప్పులు. ఫోను లోపల వంటగట్టు మీద ఉంటుంది. కొడుకు నంబరు ఆ ఫోనులో ఉంటుంది గాని ఆవిడ నోటికి రాదు. పక్కింటివాళ్ళ పేరు తెలియదు, తలుపు తట్టి ఏమని చెప్పాలో భాష రాదు. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవాళ్ళు సుమారు 34 వేలు. 2021 నాటికి ఆ సంఖ్య 59 వేలు దాటింది. అంటే మనలో చాలామంది ఈ వీధులకి కొత్త. పక్కింటివాళ్ళతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఇంకా మొదలు కాని ఇళ్ళు ఎక్కువ.

ఇక్కడ ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. ఆస్ట్రేలియా అంటే ఎండల దేశం కదా, మంచు తుఫానులు కెనడాలోనో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో కదా అని. మంచు పడే నేల ఈ ఖండంలో చాలా తక్కువన్నది నిజమే. అయితే ఆ కొంచెం నేలా మెత్తనిది కాదు. న్యూ సౌత్ వేల్స్‌లోని షార్లెట్ పాస్ దగ్గర 1994 జూన్ 29న మైనస్ 23 డిగ్రీలు నమోదైంది. ఈ దేశంలో ఇప్పటిదాకా కొలిచిన అతి తక్కువ ఉష్ణోగ్రత అదే. ఆ కొండలకి రెండు మూడు గంటల కారు దూరంలో ఉన్న కాన్‌బెరాలో జూలై తెల్లవారుజామున పాదరసం సగటున సున్నా దగ్గరే ఉంటుంది. మన వైపు లంబసింగిలో చలి సున్నా దాకా దిగిందంటే పత్రికల్లో ఫొటోలు వేస్తారు, జనం చూడ్డానికి కార్లు కట్టుకుని వెళ్తారు. కాన్‌బెరాలో అది మామూలు బడి రోజు. హోబార్ట్ ఊరి నెత్తిన ఉన్న వెల్లింగ్టన్ కొండ మీదికి మంచు పడితే రోడ్డు మూసేస్తారు. మెల్‌బోర్న్ నుంచి మన కుటుంబాలు మౌంట్ బుల్లర్‌కీ లేక్ మౌంటెన్‌కీ, సిడ్నీ నుంచి థ్రెడ్‌బోకీ పెరిషర్‌కీ పిల్లలకి మంచు చూపించడానికి వెళ్ళడం ఇప్పుడు ప్రతి చలికాలంలోనూ మామూలైపోయింది.

పైగా ఎండల దేశమన్న పేరే ఇక్కడ చలిని ఎక్కువ ప్రమాదకరం చేస్తోంది. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో 13 దేశాల లెక్కలతో, 7 కోట్ల 40 లక్షల మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం వచ్చింది. అందులో ఆస్ట్రేలియా నగరాల్లో చలితో ముడిపడ్డ మరణాల వాటా సుమారు 6.5 శాతం. స్వీడన్‌లో అది 4 శాతం లోపే. మంచుతో సగం ఏడాది కాపురం చేసే స్వీడన్‌లో కన్నా ఇక్కడే ఎక్కువన్న మాట. దీనికి ఎవరైనా సరైన ప్రశ్నే వేయవచ్చు. ఆ మరణాల్లో ఎక్కువ భాగం గుమ్మం బయట గడ్డకట్టి పోయినవి కావు గదా, ఇళ్ళలోనే, మామూలు చలికే, గుండె జబ్బులూ ఊపిరితిత్తుల జబ్బులూ ముదిరి పోయినవి గదా అని. అవును, అలాంటివే. ఆ లెక్కని తాళం చెవి మరిచినవాళ్ళ లెక్కగా నేను చూపించడం లేదు. నేను చెప్పేది ఆ లెక్క వెనకున్న అలవాటు గురించి. స్వీడన్‌లో ఇల్లు కట్టేటప్పుడే చలిని శత్రువుగా ఎంచి కడతారు. బయటికి అడుగు పెట్టేవాడు దాన్ని ఎదుర్కొనే బట్టలతో పెడతాడు. ఇక్కడ చలిని నాలుగు రోజులుండి పోయే చుట్టంలా చూస్తారు. చల్లటి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఇక్కడ చాలా అద్దె ఇళ్ళలో తెల్లవారుజామున ఆ మాత్రం వెచ్చదనం ఉండదు. అద్దెకిచ్చే ఇంట్లో బిగించిన హీటరు తప్పనిసరిగా ఉండాలని విక్టోరియాలో నియమం అమల్లోకి వచ్చింది 2021లోనే. ఇంటి లోపలి చలినే పట్టించుకోని చోట ఇంటి బయట చిక్కుకునే మనిషి గురించి ఎవరు ఆలోచించి ఉంటారు?

తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే నా వాదనకి అసలు ఆధారం అక్కడే ఉంది. ఒంటి లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీలు. దాన్ని కాపాడుకోవడానికి శరీరం మొదట చేసే పని, చేతులకీ కాళ్ళకీ వెళ్ళే రక్తాన్ని తగ్గించి గుండెకీ మెదడుకీ మిగల్చడం. అంటే ముందు మొద్దుబారేవి వేళ్ళే. వేళ్ళ చర్మం 15 డిగ్రీల దరిదాపులకి చల్లబడేసరికి చిన్న పనులు చేసే నేర్పు పోతుంది. జిప్పు లాగడం, గుత్తిలోంచి సరైన తాళం చెవి వేరు చేయడం, దాన్ని రంధ్రంలో పెట్టి తిప్పడం, ఫోను తెర మీద అంకెలు నొక్కడం. తలుపు తెరవడానికి ఏ వేళ్ళు కావాలో వాటినే చలి ముందు లాక్కుంటుంది. తర్వాత వణుకు. లోపలి వేడి 35 డిగ్రీలకి దిగువకి పోతే దాన్ని వైద్యులు హైపోథర్మియా అంటారు. మాట ముద్దగా వస్తుంది, నడక తడబడుతుంది, నిర్ణయం తీసుకునే శక్తి మందగిస్తుంది. 32 డిగ్రీల దగ్గరికి వచ్చాక వణుకు కూడా ఆగిపోతుంది. చూసేవాళ్ళకి మనిషి కుదుటపడ్డట్టు కనిపిస్తుంది గాని నిజానికి పరిస్థితి విషమిస్తున్నదన్న మాట. కొందరు ఆ దశలో ఒళ్ళు మండుతున్నదని బట్టలు కూడా విప్పేస్తారు. గాలి ఉన్నా, ఒళ్ళు తడిసినా ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది, నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి. ఆస్ట్రేలియా కొండల మీద మంచు తరచుగా వానతో కలిసి, తడి తడిగా పడుతుంది. కాబట్టి చలిలో చిక్కుకున్న మనిషిని నువ్వే జాగ్రత్తగా ఆలోచించి బయటపడమనడం, ఆలోచించే శక్తి తగ్గిపోతున్న మనిషికి పరీక్ష పెట్టడమే. ఆలోచనంతా ముందే, వెచ్చగా ఉన్నప్పుడే అయిపోయి ఉండాలి.

కొండల మీద తిరిగేవాళ్ళకి ఇది ఎలా తెలిసిందో చెబుతాను. 1928 ఆగస్టులో లారీ సీమన్, ఎవాన్ హేస్ అనే ఇద్దరు యువకులు కోషియుస్కో శిఖరం వైపు స్కీల మీద వెళ్ళి మంచు తుఫానులో చిక్కుకుని చనిపోయారు. ఆ శిఖరం ఎత్తు 2,228 మీటర్లు, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అదే అన్నిటికన్నా ఎత్తు. తుఫానొస్తే తల దాచుకునే గోడ అప్పట్లో అక్కడ ఒక్కటీ లేదు. సీమన్ శవం కొన్ని వారాలకి దొరికింది. హేస్ ఆనవాళ్ళు దొరకడానికి రెండేళ్ళు పట్టింది. సీమన్ కుటుంబం తమ బిడ్డ పేరిట విగ్రహం పెట్టించలేదు. 1929లో వాళ్ళిచ్చిన డబ్బుతో ఆ దారిలోనే రాతి గోడలతో ఒక చిన్న ఆశ్రయం లేచింది. సీమన్స్ హట్ పేరుతో ఈనాటికీ అది ఉంది. టాస్మేనియాలోనూ ఇదే కథ జరిగింది. 1965 మే నెలలో క్రేడిల్ పర్వతం దగ్గర బడిపిల్లల బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. ఉపాధ్యాయుడు యూయెన్ స్కాట్, విద్యార్థి డేవిడ్ కిల్వర్ట్ చనిపోయారు. లేక్ రాడ్‌వే ఒడ్డున ఉన్న ఆశ్రయానికి ఆ ఇద్దరి పేర్లూ కలిపి స్కాట్-కిల్వర్ట్ అని పెట్టారు. ఇలాంటి ఆశ్రయాల్లో చెప్పుకోవలసిన గుణం ఒక్కటే. వాటికి తాళం ఉండదు. కోషియుస్కో జాతీయ వనంలో ఒకప్పుడు పశువుల కాపర్లూ, బంగారం తవ్వినవాళ్ళూ కట్టుకున్న పాత గుడిసెలు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గడియ తీసి లోపలికి వెళ్ళగలిగేలా ఉంచుతారు. వెళ్ళేటప్పుడు పొయ్యి ఆర్పి, వాడుకున్నన్ని కట్టెలు మళ్ళీ పేర్చి, తలుపు గట్టిగా మూసి వెళ్ళాలన్నది అక్కడి మర్యాద. తర్వాత వచ్చేవాడెవరో తెలియదు. తెలియని ఆ మనిషి కోసమే ఆ కట్టెలు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కూటపటాంబ హట్. ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న కూటపటాంబ సరస్సు లోయలో, 1950లలో స్నోయీ జలవిద్యుత్ పథకం సిబ్బంది కోసం కట్టిన చిన్న గది అది. మంచు లోతూ నీటి మట్టాలూ కొలవడానికి వెళ్ళే ఉద్యోగులు అందులో తల దాచుకునేవారు. కట్టినవాళ్ళకి ఒక విషయం తెలుసు. ఆ లోయలో మంచు మామూలు తలుపుని పూర్తిగా పూడ్చేస్తుంది. తాళం లేకపోయినా పూడిపోయిన తలుపు మూసిన తలుపే. అందుకని పొగగొట్టంలాంటి ఒక నిలువు గూడు కట్టి, మంచు పైనుంచి అందులోకి దిగే దారి పెట్టారు. తలుపు తీసి ఉంచితే చాలదు, అవసరం పడ్డ రోజున అది తెరుచుకుంటుందా అని చూసి పెట్టాలన్న ఆలోచన అందులో ఉంది. ఇంటి ముందు పూలకుండీ కింద తాళం చెవి దాచి నిశ్చింతగా ఉండేవాళ్ళు గమనించాల్సిన సంగతి ఇది.

అయితే ఈ ఆశ్రయాల మీద గట్టి విమర్శ కూడా ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆశ్రయం ఉందన్న ధీమాతోనే అనుభవం లేనివాళ్ళు తుఫానులోకి వెళ్తారని ఆ విమర్శ. దానికి స్కాట్లాండులో ఒక ఘోరమైన సాక్ష్యం ఉంది. 1971 నవంబరులో కేర్న్‌గార్మ్ పీఠభూమి మీద ఎడిన్‌బరో నుంచి వచ్చిన బడిపిల్లల బృందం కర్రన్ అనే చిన్న ఆశ్రయానికి చేరాలని బయల్దేరింది. తుఫానులో అక్కడికి చేరలేకపోయారు. అయిదుగురు పిల్లలూ, నాయకురాలికి సహాయంగా వెళ్ళిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయీ ఆరుబయటే చనిపోయారు. విచారణ తర్వాత, ఆ ఎత్తులో ఆశ్రయాలుండడమే ప్రమాదమని వాదనలు జరిగి, కర్రన్‌తో పాటు ఇంకో ఆశ్రయాన్ని కూడా కూల్చేశారు. ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి వాదన నడిచింది. ప్రకృతిని యథాతథంగా ఉంచాలన్న వాదన దానికి తోడైంది. గుడిసెలను తొలగిస్తారేమోనన్న భయంతో వాటి ఆలనాపాలనా చూసుకునే స్వచ్ఛంద సంఘాలు 1970ల మొదట్లో పుట్టుకొచ్చాయి. తాళం లేని చోట్లను పాడుచేసేవాళ్ళు, పొయ్యి ఆర్పకుండా పోయేవాళ్ళు ఉన్నారన్నది కూడా అబద్ధం కాదు.

అయినా ఆ విమర్శ ఆశ్రయాల అవసరాన్ని కొట్టివేయదు. కర్రన్ విషాదం చెప్పేది, ఆశ్రయాన్ని ప్రయాణానికి గమ్యంగా పెట్టుకోకూడదని. ప్రయాణం చెడినప్పుడు పనికొచ్చే రెండో దారిగా దాన్ని ఉంచుకోవద్దని కాదు. 1999 ఆగస్టులో థ్రెడ్‌బో మీదుగా వెళ్ళిన నలుగురు యువకుల సంగతి చూడండి. కూటపటాంబ దగ్గర మంచులో గుహ తవ్వుకుని అందులో తల దాచుకున్నారు. ఎడతెగకుండా పడ్డ మంచు గుహ ద్వారాన్ని మూసేసింది. గాలి అందక నలుగురూ పోయారు. నవంబరులో మంచు కరిగాక గాని శవాలు దొరకలేదు. మంచు గుహలో ద్వారాన్ని తెరిచి ఉంచుకునే బాధ్యత పూర్తిగా లోపలున్నవాళ్ళదే. వాళ్ళు అలసి నిద్రపోతే చూసేవాళ్ళుండరు. ఆ నలుగురినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఎంత బలమున్నవాళ్ళయినా తుఫానులో తమ ద్వారాన్ని తామొక్కరే కాచుకోలేరని ఆ మరణాలు చెబుతున్నాయి. అందుకే ఈ రోజు న్యూ సౌత్ వేల్స్ పోలీసులూ జాతీయ వనాల శాఖా కలిసి ఏం చెబుతున్నారో వినండి. కొండకి వెళ్ళేముందు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో నమోదు చేసి వెళ్ళమంటున్నారు. ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరాన్ని ఉచితంగా చేతికిచ్చి పంపుతున్నారు. మీరు రాకపోతే వెతకడానికి ఇంకొకరికి తెలిసి ఉండాలన్నదే అందులో కీలకం.

ఇప్పుడు కొండ దిగి మళ్ళీ మన వీధికి వద్దాం. మన ఇళ్ళకి తాళం వేయకుండా ఉంచమని ఎవరూ అనరు, నేనూ అనను. ఊళ్ళలో దొంగల భయం నిజమైనది. కొండ మీది తాళం లేని తలుపుకి ఊళ్ళో సమానమైనది, పక్కింట్లో ఉన్న రెండో తాళం చెవి. మన దగ్గర ఊరెళ్తూ పక్కింటి పిన్నిగారి చేతిలో తాళం చెవి పెట్టి, మొక్కలకి కాస్త నీళ్ళు పొయ్యండి అని చెప్పడం ఎంత సహజమో గుర్తు చేసుకోండి. సముద్రం దాటగానే ఆ అలవాటు వదిలేశాం. తెలియని మనిషికి ఇంటి తాళం ఎలా ఇస్తామని అడుగుతారు. తెలియని మనిషికి ఇవ్వకండి, ముందు పరిచయం చేసుకోండి. సంక్రాంతికి అరిసెలు ఇచ్చి రండి, వాళ్ళు ఊరెళ్తే వాళ్ళ ఉత్తరాలు తీసి ఉంచండి. పక్కింటివాళ్ళ మీద నమ్మకం కుదరకపోతే అదే పేటలోని మరో తెలుగు కుటుంబానికి ఇవ్వండి. నడిచి చేరగలిగేంత దగ్గరలో ఉంటే చాలు. అద్దె ఇంట్లో ఉంటే తాళం చెవికి నకలు చేయించుకునే ముందు ఏజెంటుకి ఒక మాట చెప్పండి.

ఇంకొందరు అంటారు, ఇప్పుడు అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాలు వచ్చాయి, ఇక తాళం చెవి గొడవెందుకని. అవి మంచివే, నేను కాదనను. కానీ వాటికి ప్రాణం బ్యాటరీ. గడ్డకట్టే చలిలో బ్యాటరీ శక్తి పడిపోతుంది. ఫోనుతో తెరిచే తాళానికి రెండు బ్యాటరీలు కావాలి, తాళంలో ఒకటి, ఫోనులో ఒకటి. పెద్దవాళ్ళకి ఆరంకెలు ఒత్తిడిలో గుర్తుండకపోవచ్చు. మొద్దుబారిన వేళ్ళకి తెర స్పందించకపోవచ్చు. కొత్త తాళం మతిమరుపుకి విరుగుడే గాని చలికి విరుగుడు కాదు. దాన్ని పెట్టుకోండి, దానితో పాటు రెండో తాళం చెవిని బతికి ఉన్న మనిషి దగ్గర పెట్టండి. ఎందుకంటే ఆ మనిషి తలుపు తెరవడంతో ఆగడు. తాళం తీసేవాణ్ణి పిలిపించుకుంటే వాడొచ్చేదాకా చలిలోనే నిలబడాలి. పక్కింటివాళ్ళయితే ముందు లోపలికి పిలిచి వెచ్చగా కూర్చోబెడతారు. తడి బట్టలు మార్పించి, దుప్పటి కప్పి, వేడిగా తాగడానికి ఇస్తారు. మాట ముద్దగా వస్తున్నా, వణుకు ఆగిపోయి మత్తుగా ఉన్నా 000కి ఫోను చేస్తారు. చలి పట్టిన మనిషికి మద్యం పోయకూడదు, చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకూడదు. ఈ రెండూ మన ఇళ్ళలో మంచి ఉద్దేశంతోనే చేసే తప్పులు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఈ చలికాలం మీ అమ్మానాన్నలో, అత్తమామలో మీ దగ్గరికి వచ్చి ఉంటే, ఈ వారాంతంలో ఒక గంట దీనికి కేటాయించండి. మీ తలుపు దానంతట అదే పడిపోయేదా కాదా అని వాళ్ళ చేత ఒకసారి తీయించి, వేయించి చూపించండి. మీ నంబరు పెద్ద అంకెలతో రాసిన కాగితం వాళ్ళ కోటు జేబులో పెట్టండి. ఆ కోటు గుమ్మం పక్కనే మేకుకి తగిలించి ఉండాలి. గుమ్మం దాటే ప్రతిసారీ వేసుకునే అలవాటు చేయండి. తర్వాత వాళ్ళని వెంటబెట్టుకుని పక్కింటి తలుపు తట్టండి. పేర్లు చెప్పుకోండి, మొహాలు గుర్తుపట్టేలా నాలుగు మాటలు మాట్లాడుకోండి, రెండో తాళం చెవి వాళ్ళకిచ్చి రండి. మంచు చూడ్డానికి కొండకి వెళ్ళేవాళ్ళు వెళ్ళే చోటూ తిరిగొచ్చే వేళా ఊళ్ళో ఒకరికి చెప్పి వెళ్ళండి.